అసిస్టెంట్ కోచ్‌కి శాలువా

ఒక మనిషికి ఏమీ ఇవ్వకూడదని తేలిపోయాకే మన తెలుగువాళ్ళు శాలువా కొనడానికి బయలుదేరతారు. ఈ మాట నేను ముందే అన్నాను. ఎవరికి కప్పబోతున్నారో ఆయనతోనే, కాలేజీ ఫుట్‌బాల్ గ్రౌండు కంచె పక్కన నిలబడి అన్నాను. ఆయన నవ్వాడు.

"మీకు దేవుని మీద నమ్మకం లేదు, సరే. శాలువా మీద గూడ లేకపోతే ఎట్ల మేడం?"

ఆయన మా కాలేజీ జట్టుకి అసిస్టెంట్ కోచ్. నేను అదే కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. స్పోర్ట్స్ కమిటీలో అధ్యాపకుల తరఫున ఒకరు ఉండాలన్నప్పుడు అందరూ పని ఉందని తప్పించుకున్నారు, నన్ను వేశారు. బహ్రెయిన్‌లో ఎక్కువగా మనవాళ్ళ పిల్లలు చదివే ప్రైవేటు కాలేజీ అది. ఫుట్‌బాల్ జట్టు నడిచేది తల్లిదండ్రుల చందాలతో. అందుకని కోచ్‌ని పెట్టేదీ తీసేదీ కమిటీలోని తల్లిదండ్రులే. కమిటీ కార్యదర్శి బ్యాంకు ఆఫీసరు, కృష్ణా జిల్లా ఆయన, జుఫైర్‌లో ఒక టవర్ పైఅంతస్తులో కాపురం. ఇక్కడి తెలుగు సంఘానికి కూడా ఆయనే కార్యదర్శి. మన ఊళ్ళలో ఒకే మనిషి రైస్ మిల్లుకీ రామాలయానికీ పెద్దగా ఉన్నట్టు.

ఆ ఏడాది మార్చిలో హెడ్ కోచ్ ఉద్యోగం ఖాళీ అయింది. అంతవరకు ఉన్న ట్యునీషియా ఆయన తన దేశం వెళ్ళిపోతూ, వీడ్కోలు టీ దగ్గర అసిస్టెంట్ భుజం మీద చెయ్యి వేసి, నా తర్వాత ఇతనే, వేరే మనిషిని వెతకొద్దు అని అందరి ముందూ చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కూడా మనకి శాలువా లాంటివే.

అసిస్టెంట్‌ది జగిత్యాల దగ్గర పల్లె. యూనివర్సిటీ జట్టుకి ఆడాడు. కోచింగ్ డిప్లొమా ఉంది. ఆ డిప్లొమాకి మన దేశంలో ఉద్యోగం దొరక్క కన్‌స్ట్రక్షన్ కంపెనీలో టైమ్‌కీపర్‌గా ఇక్కడికి వచ్చాడు. లేబర్ క్యాంపుల మధ్య శుక్రవారాలు జరిగే ఆటల్లో ట్యునీషియా ఆయన కంటపడ్డాడు. అలా కాలేజీకి వచ్చాడు. అణకువ గల మనిషి అనుకుంటారేమో, అదేమీ లేదు. "ఈ దీవిల నాకంటె మంచిగ డిఫెన్స్ నేర్పెటోడు ఉంటె చూపెట్టుండ్రి, వాని బూట్లు తుడుస్త" అని నా ముందే అన్నాడు. కుర్రాళ్ళని మాటలతో చీల్చేవాడు. "ఏందిరా, ఉరుకుతున్నవా, పెండ్లి బరాత్‌ల నడుస్తున్నవా?" కుర్రాళ్ళు ఆ తిట్లు పంచుకుని నవ్వుకునేవాళ్ళు, ఆయన చెప్పినట్టే పరిగెత్తేవాళ్ళు. ఆయన నలభై దాటాడు. ఈసారి హెడ్ కోచ్ కాకపోతే ఇక జీవితాంతం అసిస్టెంటేనని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఎవరిని ఆడించాలో, ఎవరిని కూర్చోబెట్టాలో తన బుర్రతో తనే నిర్ణయించే ఒక్క సీజన్ కావాలి ఆయనకి. అంతకు మించి ఏదీ అడగలేదు.

ఆయన తండ్రి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే కథ అక్కడి నుంచే మెలి తిరిగింది. వాళ్ళ ఊరి హైస్కూలు మైదానంలోకి మాదిగ వాడ పిల్లలు రాకూడదు. కంచె బయట నిలబడి చూడవచ్చు. బంతి బయటికి వస్తే తిరిగి లోపలికి పంపవచ్చు, కాని కాలితోనే. చేత్తో ముట్టుకోకూడదు.

"అందుకే మాకు ఫుట్‌బాల్ ఒచ్చింది మేడం. చేతులు పెట్టొద్దని ఊరోళ్ళే నేర్పిండ్రు."

ఈ జోకు ఆయన చాలాసార్లు చెప్పేవాడు. విన్నవాళ్ళు నవ్వాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే ఆయనకి అదో సరదా.

తండ్రి పౌరహక్కుల సంఘంలో తిరిగిన మనిషి. ఒక ఉదయం వాడ కుర్రాళ్ళందరినీ వెంటబెట్టుకుని మైదానం మధ్యలోకి నడిచాడు. కొట్టారు. కేసు ఆయన మీదే పెట్టారు. జైలుకి వెళ్ళాడు. ఊళ్ళో వాడకి కూలి పని ఆగింది, కిరాణా కొట్లో ఉప్పు ఆగింది. అయినా వాళ్ళు వెళ్తూనే ఉన్నారు. చివరికి ఊరు అలిసిపోయింది. కొడుకు ఆ మైదానంలో బంతి నేర్చుకున్నాడు. తండ్రి పోయి చాలాకాలమైంది.

ఏప్రిల్‌లో తెలుగు సంఘం ఏటా రాజ్యాంగం రాసిన మహానుభావుడి జయంతి సభ చేస్తుంది. ఆ సంవత్సరం కార్యదర్శికి ఒక ఆలోచన వచ్చింది. అసిస్టెంట్ కోచ్‌కి ఫోన్ చేసి, "తమ్ముడూ, మీ నాన్నగారి ఫొటో ఒకటి పంపించు, ఫ్లెక్సీ మీద వేయిద్దాం" అన్నాడు. పంపించాడు. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ఆ మహానుభావుడి పక్కన ఆ పల్లెటూరి మనిషి, తలకి తువ్వాలు చుట్టుకుని, కెమెరా వైపు కోపంగా చూస్తున్నాడు. కార్యదర్శి అరగంట మాట్లాడాడు. బాగా మాట్లాడాడు, అబద్ధమెందుకు. ఆ ఉదయం మైదానంలోకి నడిచిన కాళ్ళ గురించి చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. "అలాంటి వీరుడి బిడ్డ మన మధ్య ఉండటం మన సంఘం చేసుకున్న అదృష్టం" అన్నాడు. జరీ అంచు శాలువా కప్పారు. జ్ఞాపిక ఇచ్చారు. ఫొటోలు తీశారు. హోటల్ నుంచి తెప్పించిన భోజనం అందరం వరసలో నిలబడి వడ్డించుకుని తిన్నాం. హోటలు తిండి ఎవరి వంటింటినీ మైలపరచదు కాబట్టి అక్కడ సమానత్వం ఆ రోజు బ్రహ్మాండంగా అమలైంది.

ఆయన శాలువా తీయకుండానే నా దగ్గరికి వచ్చాడు. "ఇంత మంది ముందట పెద్దగ మాట్లాడినంక ఇయ్యకుంట ఉంటరా? ఇజ్జత్ ఉంటది గద మేడం." ఇంకే దేశస్థుడూ ఈ పొరపాటు చెయ్యడు. ఆ ట్యునీషియా ఆయనైతే శాలువాని శాలువా అనుకుని మడిచి సూట్‌కేసులో పెట్టుకునేవాడు. ఈయన తెలుగువాడు కాబట్టి దాన్ని అపాయింట్‌మెంట్ ఆర్డర్ అనుకున్నాడు. అది ఉద్యోగానికి బదులుగా ఇచ్చే వస్తువని నేను చెప్పాను. వినలేదు.

ఇక ఈ జట్టుకున్న ఒక అలవాటు చెబుతాను. చలికాలంలో శుక్రవారం పొద్దున మ్యాచ్ అయ్యాక జట్టు మొత్తం బస్సులో ఒక ఆటగాడి ఇంటికి భోజనానికి వెళుతుంది. ఇళ్ళు వంతులవారీగా మారుతుంటాయి. హెడ్ కోచ్ బల్లకి మొదట్లో కూర్చుంటాడు, ఇంటావిడ ముందు ఆయనకి వడ్డిస్తుంది, ఆయన మొదటి ముద్ద పెట్టుకున్నాకే కుర్రాళ్ళు తినాలి. ఇది ఎవరు పెట్టారో తెలియదు, కాని ఈ పిల్లలకి క్రమశిక్షణ ఇక్కడే వస్తుందని తల్లిదండ్రుల గట్టి నమ్మకం. అసిస్టెంట్ కోచ్ ఆ బస్సులో వెళ్ళడు. బంతులూ, వలలూ, కోన్‌లూ, ఆ సామానంతా పికప్‌లో వేసుకుని కాలేజీ స్టోర్‌లో దించడం ఆయన డ్యూటీ. ఇన్నేళ్ళూ అలాగే జరిగింది. పని పంపకమని అందరూ అనుకున్నారు. హెడ్ కోచ్ అయితే ఆయన బస్సు ఎక్కాలి. బల్ల మొదట్లో కూర్చోవాలి.

ఇది నా బుర్రకి తట్టలేదు. కార్యదర్శి భార్య చెబితే తెలిసింది.

కమిటీ మీటింగుకి ముందు మద్దతు అడగడానికి జుఫైర్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. కార్యదర్శి ఇంకా బ్యాంకు నుంచి రాలేదు. ఆవిడ కాఫీ ఇచ్చింది, మంచి కాఫీ. మనిషి కూడా మంచిదే. నాకు జ్వరం వస్తే రసం కారియరు పంపిన మనిషి. నేను విషయం చెప్పాను. ఆవిడ కప్పు కింద పెట్టింది.

"ఆయన మీద నాకేం లేదండీ. పాపం ఎంత కష్టపడతాడో. కాకపోతే మా ఇంట్లో పూజ అల్మారా హాల్లోనే ఉంది కదా."

"ఉంటే?"

"డైనింగ్ టేబుల్ దానికి ఎదురుగానే."

"ఆ బల్ల దగ్గరే కదమ్మా ట్యునీషియా ఆయన ఇన్నాళ్ళు తిన్నాడు. ఆయన గోమాంసం తినే మనిషి. అప్పుడు మీ దేవుడు లేచి వెళ్ళిపోయాడా?"

ఆవిడ నొచ్చుకుంది. "ఆయన వేరేదేశం వాడండీ. వాళ్ళకి మనవి తెలియవు, మనకి వాళ్ళవి తెలియవు. అతిథి. ఈయన మనవాడు కదా. మనవాడన్నాక అన్నీ తెలుస్తాయి."

నేను చాలా సభల్లో చాలామంది పండితులతో కులం గురించి వాదించాను. వేదం నుంచి మొదలుపెట్టేవాళ్ళు, జన్యువుల దాకా వెళ్ళేవాళ్ళు. ఒక్కరూ ఇంత సూటిగా చెప్పలేదు. పరాయివాడికి మన బల్ల దగ్గర చోటుంది, మనవాడికి లేదు, ఎందుకంటే మనవాడు. కులానికి ఇంతకన్నా కచ్చితమైన నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. ఆవిడని మెచ్చుకోవాలనిపించింది. ఆ మాటే ఆవిడతో అన్నాను.

"మీరు ప్రతిదాన్నీ పెద్దది చేస్తారు. నేనొక్కదాన్నే అనుకుంటున్నారా? అందరాడవాళ్ళూ వాట్సాప్‌లో అనుకున్నాం. వంతు ఎవరూ తీసుకోరు. భోజనాలు ఆగిపోతే పిల్లలకే నష్టం."

మీటింగు మే నెలలో జరిగింది. అక్కడ పూజ అల్మారా మాట ఎవరూ ఎత్తలేదు. చదువుకున్నవాళ్ళ సభ కదా, కారణాలు ఇస్త్రీ చేసుకుని వచ్చారు. ఇంగ్లీషు బాగా రాదు అన్నాడు ఒకాయన. పాత కోచ్‌కి ఇంగ్లీషు ఆయనకన్నా తక్కువ వచ్చు అన్నాను. నోరు దురుసు అన్నాడు ఇంకొకాయన. పాత కోచ్ అరబ్బీలో తిట్టేవాడు, మీకు అర్థం కాక ఆశీర్వాదం అనుకున్నారు అన్నాను. కొందరు నవ్వారు. నవ్వితే గెలిచానని అనుకోవడం వాదనలు చేసేవాళ్ళకి ఉండే జబ్బు.

ప్రిన్సిపాల్ హైదరాబాదాయన, ఎవరికీ కోపం తెప్పించకుండా రిటైర్ కావాలనుకునే రకం. ఆయన గొంతు సవరించుకుని, "తల్లిదండ్రులకి సౌకర్యంగా ఉండాలి కదా" అన్నాడు.

"ఏ సౌకర్యం? భోజనం సౌకర్యమా?" అన్నాను.

కార్యదర్శి నా వైపు చాలా శాంతంగా చూశాడు.

"మేడం గారూ, ఇది చర్చావేదిక కాదు. మీరు మమ్మల్ని కులగజ్జి ఉన్నవాళ్ళలా మాట్లాడుతున్నారు. ఆయన తండ్రి ఫొటో వేదిక ఎక్కించింది ఎవరు? శాలువా కప్పింది ఎవరు? మీరా? మేమా?"

చూశారా, శాలువా దేనికో. నేను చెప్పింది నిజమైంది. కాని అది బదులు మాత్రమే అనుకున్నాను. సాక్ష్యం కూడా అని అప్పుడు తెలిసింది.

చేతులెత్తమన్నారు. నా చెయ్యి ఒక్కటే లేచింది.

హెడ్ కోచ్‌గా హైదరాబాదు కుర్రాడొకణ్ణి తీసుకున్నారు. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో డిగ్రీ ఉంది. వాలీబాల్ ఆడాడు. మర్యాదస్తుడు, అతని తప్పేమీ లేదు, ఈ గొడవేదీ అతనికి తెలియదు. కార్యదర్శి అసిస్టెంట్‌కి ఫోన్ చేశాడు. అప్పుడు మేమిద్దరం కాలేజీ స్టోర్ ముందు నిలబడి ఉన్నాం. ఫోన్ స్పీకర్‌లో పెట్టి నాకు వినిపించాడు.

"తమ్ముడూ, ఈసారికి ఇలా అయింది, మనసులో పెట్టుకోకు. నీకు మా గుండెల్లో చోటుంది."

"గుండెల్లనా అన్నా. టేబుల్ కాడ లేదుగని."

ఆడవాళ్ళ మాటలు ఈయన దాకా వచ్చాయని నాకూ అప్పుడే తెలిసింది. కుర్రాళ్ళే చెప్పి ఉంటారు.

"అలాంటివేం లేవు. నువ్వు చదువుకున్నవాడివి, నువ్వూ అలా అనుకుంటే ఎలా? సరే, కొత్తతను పిల్లవాడు. ఫుట్‌బాల్ అంతగా తెలియదు. సీజన్ మొదలయ్యేలోపు కాస్త నేర్పిపెట్టు. నీకన్నా ఎవరు నేర్పుతారు?"

ఎంత క్రూరమైన మాటో అన్నవాడికి తెలియదు. తెలిసి అని ఉంటే కొంత గౌరవించేదాన్ని.

"పంపుండ్రి" అన్నాడు ఈయన. "మంచిగ నేర్పుత."

సెప్టెంబరు, ఇంకా ఉక్క తగ్గలేదు. సముద్రపు తేమ చొక్కాని ఒంటికి అంటించే కాలం. సాయంత్రం ప్రాక్టీసుకి కొత్త హెడ్ కోచ్ తెల్లటి టీషర్టు, మెడలో కొత్త విజిల్ వేసుకుని వచ్చాడు. మా అసిస్టెంట్ ఆ విజిల్ అడిగి తీసుకుని తన మెడలో వేసుకున్నాడు.

"ముందుగాల పోరగాండ్లతోని ఉరుకుండ్రి సర్. వాళ్ళు ఏం పడుతరో హెడ్ కోచ్‌కు ఎరుకుండాలె."

కుర్రాడు నవ్వి పరుగు మొదలుపెట్టాడు. గ్రౌండు చుట్టూ పరుగు, ఆగి గుంజీలు, మళ్ళీ పరుగు. జట్టుకి అలవాటే. అతనికి కాదు. కాసేపటికి మొహం ఎర్రబడింది. ఆగాడు. విజిల్ మోగింది. "యల్లా సర్, యల్లా." మళ్ళీ పరిగెత్తాడు. గోల్‌పోస్టు పట్టుకుని వంగాడు. విజిల్ మోగింది. ఆటగాళ్ళు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు. చివరికి ఆ కుర్రాడు పచ్చటి ప్లాస్టిక్ గడ్డి మీద మోకాళ్ళ మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. ఈయన వెళ్ళి అతని పక్కన నిలబడ్డాడు. చెయ్యి ఇవ్వలేదు.

"లేవుండ్రి సర్. హెడ్ కోచ్ కూసోవద్దు. మీరు కూసుంటె ఆ కుర్సీ కోసం ఎంతమంది చూస్తుంటరో ఎరుకేనా?"

ఆ కుర్రాడు లేచి, మూతి తుడుచుకుని, "థాంక్యూ సర్" అన్నాడు. నిజంగానే అన్నాడు. నాకు అక్కడ అన్నిటికన్నా భరించలేనిది ఆ థాంక్యూ.

కంచె బయట కారు ఆపి కార్యదర్శి చూస్తున్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. అద్దం దించి నన్ను పిలిచాడు.

"చూశారా మేడం గారూ. అందుకే ఇవ్వలేదు."

"మీరు ఇవ్వనందుకు ఇది జరిగింది. జరిగినదాన్ని ఇవ్వకపోవడానికి కారణంగా చూపిస్తున్నారు. ముందుదేదో వెనకదేదో బడిపిల్లలకి కూడా తెలుస్తుంది."

"ఏదైతేనేం. కళ్ళకి కనిపిస్తోంది కదా." అద్దం పైకి వెళ్ళింది.

నా వాదన సరైనదే. ఇప్పటికీ నిలబడతాను. కాని ఆ సాయంత్రం తర్వాత కమిటీలో ఒక్కరికీ ఇస్త్రీ చేసిన కారణాలు అవసరం లేకపోయాయి. ఆ వాంతి చాలు. బాధితుడు దేవుడిలా ఉండాలి మనకి. ఒక్కసారి మనిషిలా ప్రవర్తిస్తే చాలు, అంతకు ముందు మనం చేసినదంతా దూరదృష్టి అయిపోతుంది. ఆ కుర్రాణ్ణి అలా ఏడిపించడం అన్యాయమని ఆయనతో అన్నాను. మరి అన్యాయం ఎవరికి చెయ్యాలో మీరే చెప్పండి, అందుబాటులో ఉన్నది వాడొక్కడే అన్నాడు.

ఆయన వేరే చోట్ల అడగడం మొదలుపెట్టాడు. జల్లాఖ్ వైపు ఒక క్లబ్బు తమ కుర్రాళ్ళ జట్టుకి హెడ్ కోచ్ కోసం చూస్తోంది. బండి పంపి రప్పించుకున్నారు, ఒక రోజంతా గ్రౌండులో పని చేయించి చూశారు, నచ్చాడని చెప్పారు. కాలేజీలో ఒక మాట అడిగి ఖాయం చేస్తామన్నారు. ఆ వారం ఆయన కుర్రాళ్ళని ఒక్కసారి కూడా తిట్టలేదు.

క్లబ్బు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ప్రిన్సిపాల్ గదిలోనే ఉన్నాను, పరీక్షల విషయం మాట్లాడుతూ. ప్రిన్సిపాల్ మొహం వెలిగిపోయింది. పొగడటం ఆయనకి ఇష్టమైన పని.

"ఆయనా? అద్భుతమండీ. పనిలో దిగితే తిండి నిద్ర ఉండవు. అసిస్టెంట్‌గా అంతకన్నా మంచివాణ్ణి మీరు చూడరు... ఏమిటీ, హెడ్ కోచ్‌గానా?" కుర్చీలో కాస్త వెనక్కి వాలాడు. "చూడండి, నేను ఆయన మంచి కోరేవాణ్ణి. పైన ఒకరుంటే బంగారం లాంటి మనిషి. పైన ఎవరూ లేకపోతే... మా దగ్గర ఈమధ్యే చిన్న సంఘటన జరిగింది. పెద్దదేం కాదు."

నేను లేచి బల్ల దగ్గరికి వెళ్ళాను. "దానికి ముందు ఏం జరిగిందో కూడా చెప్పండి."

ఆయన ఫోన్ మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. "వాళ్ళు అది అడగలేదు కదా మేడం."

ఇంటికి వచ్చి క్లబ్బు నంబరు సంపాదించి నేనే ఫోన్ చేశాను. జరిగింది మొదటి నుంచి చెప్పాను. అవతల మేనేజరు ఓపికగా విన్నాడు. కులం అంటే ఏమిటో ఆయనకి అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక, మీ వాళ్ళ తగాదాలు మా క్లబ్బులోకి ఎందుకు, ఆయనకి అసిస్టెంట్ ఉద్యోగం ఇస్తున్నాం, ఖలాస్ అన్నాడు. తెలుగువాళ్ళు ఎక్కువమంది ఉన్న ఊళ్ళో ఆయన్ని హెడ్‌గా పెడితే ఏం గొడవలొస్తాయో అన్న అనుమానం కూడా నేనే నాటినట్టుంది.

ఆయన స్టోర్‌లో బంతులు తుడుస్తుంటే వెళ్ళి అంతా చెప్పాను. ప్రిన్సిపాల్ మాటలు ఒక్కటి కూడా వదలకుండా చెప్పాను.

"ఎంత మంచిగ చెప్పిండు" అన్నాడు. "తిట్టినా నాకు పని దొరుకుతుండె. పొగిడి సంపిండు."

"ఏం చేస్తారు?"

"పోత. అసిస్టెంట్‌గనే."

నాకు ఒళ్ళు మండింది. ఒప్పుకోవద్దన్నాను. మీ నాన్న ఇలా ఒప్పుకున్నాడా అని కూడా అనబోయాను, అనేశాను.

ఆయన చేతిలో బంతి అర మీద పెట్టాడు. నిదానంగా తిరిగాడు.

"మా నాయన మాట తియ్యకుండ్రి మేడం. ఆయనను ఒకసారి ఫ్లెక్సీ మీద వాడుకున్నరు. ఇప్పుడు మీరు. మా నాయన గ్రౌండ్ల అడుగు పెట్టిండు, గంతే. లోపలికి పోయినంక బంతి ఎవరిస్తరో ఆయనకు గూడ ఎరుక లేదు. ఎరుకున్నట్టు మీరెందుకు చెప్తరు?"

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. నా దగ్గర జవాబుంది. మంచి జవాబే, ఉదాహరణలతో సహా.

"ఇగ బంద్ చేయుండ్రి. మీరు ప్రతి మీటింగుల గెలుస్తరు మేడం. నాకు ఎరుకే. మీరు గెలిచినదానితోని నాకు ఒక్క మ్యాచ్ గూడ రాలే."

తలుపు మూసి, తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. కొత్త సర్‌కి ఇవ్వమన్నాడు. జల్లాఖ్ వైపు బస్సు దొరికే స్టాపు ఎక్కడో కంచె దగ్గరున్న వాచ్‌మన్‌ని హిందీలో అడుగుతూ వెళ్ళిపోయాడు.